చెల్లెలి బిళ్లలు, అమ్మ పాలగ్లాసు

చిన్నప్పుడు మా చెల్లెలికి అన్నం కలిపి పెట్టేది నేనే. ముద్దపప్పులో నెయ్యి వేసి, దబ్బకాయ ముక్క నంజుకి పెడితే, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ గిన్నె ఖాళీ చేసేది. జ్వరం వస్తే అమ్మ మాత్రను నలిపి గేదెపాలలో కలిపి పట్టేది. "పాలతో పోతేనే మందు ఒంటికి పడుతుందే" అనేది. ఆ పాలగ్లాసు అడుగున మిగిలిన చేదు కూడా నాకింకా గుర్తే.

పెద్దయ్యాక చెల్లెలు బాగా లావైంది. మోకాళ్లు పట్టేసి, సుగరు కూడా వచ్చి, చివరికి కాకినాడలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. బరువు తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి జుట్టు ఊడిపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అమలాపురంలో జాకెట్లు కుట్టే కొట్టు దానిది. మిషను తొక్కలేక తాళం వేసి, గన్నవరంలో మా ఇంటికి వచ్చేసింది. ఒంట్లో ఇనుము లేదని డాక్టరమ్మ ఐరన్ బిళ్లలు, ఎముకలకి కాల్షియం బిళ్లలు రాసింది.

నాకు మళ్లీ చిన్నప్పటి పని దొరికినట్టయింది. రోజూ పొద్దున్నే రెండు బిళ్లలూ ఒక్కసారే వేయించి, గోరువెచ్చని పాలు అందించేదాన్ని.

"అక్కా, నా పొట్టలో గ్లాసెడు పట్టవే."

"గుక్కెడైనా పాలే తాగు. నీళ్లలో ఏముంటుందే!"

మూడు నెలలు పోయాక రక్తం పరీక్ష చేయిస్తే ఇనుము ఏమాత్రం పెరగలేదు.

"బిళ్లలు మానేసేరా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ, నా చేత్తో నేనే ఇస్తున్నానండి."

"దేంతో?"

"పాలతోనండి. చిక్కటి గేదెపాలండి, చుక్క నీళ్లు కలపనండి."

"రెండు బిళ్లలూ కలిపేనా?"

"ఆయ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఆపరేషనైన పొట్టకి ఇనుము పట్టడమే కష్టమండి. పాలూ, కాల్షియమూ దానికి అడ్డం పడతాయి. ఈసారీ పెరక్కపోతే నరానికి ఎక్కించాలి."

చెల్లెలు పకపకా నవ్వింది. "మా అక్కంతేనండి. ఏడిస్తే పాలు, నవ్వితే పాలు."

నాకు నవ్వు రాలేదు. మూడు నెలలు దాని ఆయాసం తగ్గకపోవడం నా చేతి మీదుగానే జరిగిందని బస్సులో దారిపొడుగునా అదే ఆలోచన. అమ్మని తప్పుపట్టనూ లేకపోయాను. అప్పటి పొట్ట వేరు, అప్పటి ఆకలి వేరు.

మర్నాటి నుంచి పొద్దున ఐరన్ బిళ్ల నిమ్మకాయ నీళ్లతో, కాల్షియం సాయంత్రం. పాలు మధ్యాహ్నానికి మార్చాను. తర్వాతి పరీక్షలో ఇనుము కొంచెం పెరిగింది. నరానికి ఎక్కించక్కర్లేదంది డాక్టరమ్మ. ఇంకో రెండు నెలలకి చెల్లెలు కొట్టు తీసింది, పూటకి రెండే జాకెట్లని ఒప్పుకుని.

మొదటిది నాకే కుట్టింది. అది మిషను తొక్కుతుంటే ఎదురుగా కూర్చుని దాని ఊపిరే వింటున్నాను. ఎక్కడా ఆయాసపడలేదు.

"అలా చూస్తావేంటే అక్కా? లేచి ఇది తొడుక్కుని చెయ్యెత్తు, చంక దగ్గర సరిపోయిందో లేదో చూడాలి."