కాశప్ప చెవి

చేత్తో చేసిన పాతకాలం ఉక్కు సైకిలును ఆదోనిలో పాత సైకిళ్ళ అంగడి కాశప్ప చెవితోనే గుర్తుపట్టేవాడు. కళ్ళు మూసుకుని, పైపుకు చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టేవాడు. గంటలా మోగితే అసలు సరుకు. మొద్దుగా పలికితే విరిగి అతికించింది. ఆయన కాదంటే అది పాత ఇనుము ధరకే పోయేది.

ఆ కరువు ఏడాది సి.బెళగల్ ఊరి ఉచ్చీరమ్మ చనిపోయిన మొగుడి సైకిలు తోసుకుంటూ తెచ్చింది. "ఎద్దులు పోయినాయి, ఇదొక్కటే మిగిలిందన్నా. బాగా ఇని సెప్పు."

కాశప్ప కొట్టాడు. చెంపకు అదురు తగిలింది గానీ మోత రాలేదు. కొన్నాళ్ళుగా చెవుల్లో దూది కుక్కినట్టుంటోందని ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఈసారి స్పానరు తీసుకుని గట్టిగా కొట్టాడు.

అంగడంతా ఖంగుమంది. వీధిలో టీ తాగుతున్నవాళ్ళు సైతం తిరిగి చూశారు. కాశప్ప మాత్రం కళ్ళు మూసుకుని, పైపుకు చెవి ఆనించి, ఇంకా వింటూనే ఉన్నాడు.