అల్లంబుట్ట కిరాయేనా?

1976 నవంబరు 12, శుక్రవారం, మధ్యాహ్నం మూడుంబావు. కోరాపుట్ నుంచి రాయగడ వస్తుంటే, లక్ష్మీపురం దాటాక ఘాటురోడ్డు మలుపులో గేదెలమంద అడ్డొచ్చింది. మావారు స్టీరింగు తిప్పారు. కారు రాతిగోడను గుద్ది పక్కకి ఒరిగింది. ఆయన ఎడమ మణికట్టు విరిగింది. నాకేమీ కాలేదు, ముందు చేతిగడియారం చూసుకున్నాను. వెనకసీట్లో దారిలో ఎక్కించుకున్న కొండ ఊరి ముసలామె ఉంది. ఆమె నుదురు కాస్త గీరుకుంది. ఆమె కోడి మాత్రం అరుస్తూనే ఉంది.

మావారు రాయగడలో మిల్లు ఫోర్‌మన్. కారు సొంత వాడకానికని ఇన్సూరెన్సు చేయించారు. పదకొండో రోజున సర్వేయరు వచ్చి, ముసలామె ఊరికి కూడా వెళ్లి అడిగాడు. "కోడి, బుట్టెడు అల్లం ఇచ్చాను" అని ఆమె ఉన్నమాట చెప్పింది. ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది: కారును కిరాయికి తిప్పారు కనక క్లెయిము చెల్లదు.

నేను కోరాపుట్ ఇన్సూరెన్సు ఆఫీసుకెళ్లాను. అక్కడి అధికారి విజయనగరం వైపు మనిషి.

"పైసా ముట్టుకోలేదండీ" అన్నాను.

"కోడిని ముట్టుకున్నారు కదమ్మా" అన్నాడు. పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వేడు.

నేను సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. ఆ దారిలో ఎక్కినవాళ్లు వద్దన్నా ఏదో ఒకటి కారులో పెట్టి దిగేవారు. ఎవరు ఏ రోజు ఏమిచ్చారో రాసుకునేదాన్ని, మళ్లీ అటు వెళ్లినప్పుడు ఉప్పో పొగాకో ఇవ్వాలి గదా అని. ఇచ్చిపుచ్చుకోవడమేనని చూపిద్దామనుకున్నాను.

ఆయన వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పేడు. "ఏడాదికి నలభైయొక్కటి. అమ్మా, టాక్సీవోడు కూడా ఇంత సక్కగా రాయడండి."

ఇంటికొచ్చి చెప్తే మావారు కట్టు విప్పిన చెయ్యి పైకెత్తేరు. "నిన్నెవరు సూపించమన్నారే? మన మీద సాచ్చీకం నువ్వే పట్టుకెళ్లి ఇచ్చేవు!"

"దాస్తే తప్పు సేసినట్టు కాదేటండీ?"

"ఇప్పుడు దాయకుండానే అయ్యింది కదేటి."

నాకు కోపం కన్నా సందేహం ఎక్కువైంది. అది కిరాయేనా? వట్టిచేతులతో దిగినవాళ్లూ ఉండాలి గదా, వాళ్లను చూపిస్తే కిరాయి కాదని తేలిపోతుంది. పుస్తకం మొత్తం వెతికాను. అలాంటివాళ్లు ఒక్కరూ లేరు. ఇచ్చినవాళ్లనే రాశాను. ఇవ్వనివాళ్లను రాయాలని నాకు తోచనేలేదు.

మార్చిలో ముసలామె ఊరు వెళ్లాను. అల్లం దుబ్బులు దులుపుతోంది. ఆమె దేశియాలో, అంటే ఆ కొండల ఒడియాలో, మాట్లాడితే నాకు ముప్పాతిక అర్థమవుతుంది, మిగతాది మళ్లీ అడిగాను.

"ఏమీ ఇవ్వకుండా ఎక్కినవాళ్లు లేరా?"

"ఉన్నారు. వాళ్లు మళ్లీ మీ కారుకి చెయ్యెత్తరు."

"మేం అడగలేదు కదా?"

"అడగలేదు. అడిగితే ఇంకా తక్కువ ఇద్దును" అని నవ్వింది.

"నువ్వు ఇవ్వకపోయినా ఎక్కించుకునేవాళ్లం. ఆ మాట రాస్తాను, వేలిముద్ర వేస్తావా?"

ఆమె చేతిలో దుబ్బు కింద పెట్టింది. "వేస్తాను. కానీ ఇవ్వకపోతే నేను ఎక్కేదాన్ని కాదు. అది కూడా రాయి."

రెండు మాటలూ రాసి చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. ఇంటి దగ్గర మావారు కాగితం చూసి, "ఆ ఆకరిమాట కొట్టీ. అదే మన కొంప ముంచుతాది" అన్నారు. వేలిముద్ర పడ్డ కాగితంలో మాట కొట్టేయడం నా వల్ల కాలేదు. అలాగే పంపాను.

మే 9న జవాబు వచ్చింది. ఎర్రసిరాతో ఆ ఆఖరి వాక్యం కిందే గీత గీశారు. పాత నిర్ణయమే ఖాయం.

అది కిరాయో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పోయినవి ఇవి: క్లెయిము ఆరువేల నాలుగువందల రూపాయలు. కారు, తుక్కు కింద పదకొండువందలకు. మావారి సెలవు పంతొమ్మిది రోజులు. కోరాపుట్‌కు నా ప్రయాణాలు అయిదు.