డాక్టరు తట్టు గురించి అడిగిన రోజు

అన్నం తింటూ తింటూ మా పాప తల ఒక్కసారి ముందుకు వాలింది. చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. కాసేపటికి మళ్ళీ అలాగే. "ఆటలాడబాక, తిను" అని మా అత్త కసిరింది. తొమ్మిదేళ్ళ పిల్ల బిత్తరపోయి చూసింది. ఆడుకునే పిల్ల అలా చూడదు. నెల రోజులుగా ఎక్కాలు మరిచిపోతోందని బడి నుంచి టీచరు కూడా రెండుసార్లు కబురు పంపింది.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో పని. మిగతా చదువంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ఆ గర్వం నాకు ఉంది. ఆ వారం మాత్రం చదివినకొద్దీ భయమేసింది. తట్టు వైరస్ ఎక్కడో ఒకరిద్దరు పిల్లల మెదడులో ఏళ్ళ తరబడి దాక్కుని, తర్వాత మతిమరుపుతో, ఇలాంటి ఉలికిపాట్లతో బయటపడుతుందట. పసితనంలోనే తట్టు వచ్చినవాళ్ళకు ప్రమాదం ఎక్కువట. కణాల మీద కబుర్లు అందుకునే గ్రాహకాలు ఉంటాయి. ప్రయోగశాలలో పెంచిన మెదడు కణాల్లో ఆ వైరస్ తిష్ఠ వేస్తే, కణం బతికే ఉన్నా కొన్ని గ్రాహకాలు తగ్గిపోయాయట. గదిలో మనిషి ఉంటాడు, కాలింగ్ బెల్లు మోగదు. నాకు అలా అర్థమైంది.

మా పాపకు ఎనిమిదో నెలలో తట్టు వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు ముందుగా అదే అడిగాడు. "చిన్నప్పుడు తట్టు వచ్చిందా?"

"లేదు సామీ" అంది అత్త.

ఆమె అబద్ధమాడుతున్నాననుకోలేదు. మా ఇళ్ళలో అది అమ్మవారు రావడం. గుమ్మానికి వేపమండ కట్టి, తాలింపు మానేసి, మొక్కుకుని సాగనంపుతాం. రోగమంటే అమ్మ కోపగించి మళ్ళీ వస్తుందని భయం. ఇన్నేళ్ళూ నేనూ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

డాక్టరు రాసుకోబోయాడు. "వచ్చింది సార్. ఒళ్ళంతా ఎర్రగా పేలింది."

"మేయ్, నోటికి అదుపు లేదా నీకు?" అంది అత్త. "అమ్మొచ్చి సల్లగా పోయింది. దాన్ని రోగమంటావా?"

"ఇప్పుడు దాస్తే పాప మనకు దక్కదు అత్తా."

"సూడు సామీ, బుక్కులు సదివి డాక్టరయిపోయినాది."

"ఇద్దర్లో ఎవరి మాట రాసుకోవాలమ్మా?" అని డాక్టరు నవ్వాడు. ఎనిమిదో నెలలో అని నేను చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. మెదడు తరంగాలు చూడాలి, వెన్నులోంచి నీరు తీయాలి అన్నాడు. ఆ రెండూ మెదడులో దాక్కున్న తట్టు జాడ కోసమేనని నేను చదివే ఉన్నాను.

పాపను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. అత్త పాప భుజాలు పట్టుకుంది. "కదలబాక తల్లీ."

పాప కళ్ళు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టింది. అయినా కొన్ని క్షణాలకోసారి ఆ తల తనంతట తానే ఉలిక్కిపడుతూనే ఉంది.