హాజిరాబీ చూసిన సాలీడు

అనకాపల్లి బెల్లం బజారు వెనక వీధిలో హాజిరాబీ గోనె సంచులకు మాసికలు వేసి బతికేది. యుద్ధం రోజుల్లో కొత్త గోనెలు దొరకడం గగనమైపోయి, మూలనపడ్డ పాత సంచులన్నీ తెచ్చి ఆమె ముందు పడేసేవారు. సంచికో సాలీడు. ఒక్కదాన్నీ ఆమె చంపేది కాదు. ప్రవక్త దాగిన గుహ ముంగిట గూడు అల్లి, శత్రువుల కంట పడకుండా కాపాడింది సాలీడేనని వాళ్లమ్మ చెప్పిందట. చంపకుండా తీసి పక్కన పెట్టాలంటే ముందు దాన్ని చూడాలి కదా. అలా చూసీ చూసీ ఆమెకు అన్నీ తెలిసిపోయాయి.

గోడకు అరచేయంత వెడల్పున అతుక్కుని, పొట్ట కింద తెల్లటి బిళ్లలా గుడ్లు మోసేది బొద్దింకల్ని తింటుంది. వెంట్రుకల్లాంటి కాళ్లతో ఇంటి మూలల్లో వేలాడుతూ, ముట్టుకుంటే ఊగిపోయేది వట్టి పిరికిది. కిటికీ మీద గెంతేదానికి ఈగలు తప్ప వేరే ధ్యాస లేదు.

మా ఊరివాళ్లకు మాత్రం ఒంటి మీద నీటిపొక్కులు లేస్తే చాలు, సాలీడు పాకిందనే! పసుపుకొమ్ము కాల్చి ఆ పొక్కుల మీద చురక పెట్టేవారు. పెట్టేముందు, ఇంట్లో కనబడ్డ సాలీడును ఆకులో చుట్టి హాజిరాబీకి చూపించడం అలవాటైంది. ఆమె మంచిదేనంటే చురక ఆగేది. దీపం చుట్టూ తిరిగే ఎర్ర నల్ల చిన్నపురుగు ఒంటి మీద నలిగితే ఆ పొక్కులు వస్తాయనీ, వారం పది రోజుల్లో వాటంతటవే మాడిపోతాయనీ ముప్పయ్యేళ్లు నోరు నొప్పెట్టేలా చెప్పింది. ఆ పురుగు మాట మాత్రం నమ్మినవాడు లేడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఓ కార్తీకంలో తుమ్మపాల నుంచి అప్పలకొండమ్మ వచ్చింది. రెండేళ్ల మనవరాలికి చెంప నిండా పొక్కులట. ఆకులో నలిగిన గోడసాలీడు. హాజిరాబీకి రెండు రోజులుగా జ్వరం, అయినా కుడుతూనే ఉంది.

"సూడు బూబమ్మా, ఇది మంచిదో సెడ్డదో సెప్పు."

"మంచిదే. ఏటీ సెయ్యదు."

"మరి పిల్ల సెంప అలాగెందుకయిపోనాది?"

"దీపం పురుగమ్మా. ఒగ్గేత్తే అదే మాడిపోతాది."

"సాల్లే! ఇంత పురుగు అంత బొబ్బ లేపుతాదా? సరిగ్గా సూడు. ఆ కాళ్లు సూడు."

మూడుసార్లు చూసింది, మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది.

"నీకెలా తోత్తే అలా సేసుకో తల్లీ. నా వల్ల కాదు," అని కళ్లు మూసుకుంది.

అప్పలకొండమ్మ వెళ్లిపోయాక మనసు పీకింది. వెళ్లి ఆపుదామని లేచింది కూడా. జ్వరంతో గడప దాటలేకపోయింది. పొద్దున్నే వెళ్దాంలే అని పడుకుంది, మూడు రోజులు లేవలేదు.

పదో రోజున అప్పలకొండమ్మ మనవరాలిని చంకనేసుకుని, బెల్లం ముక్క మూటగట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"నీ మాట మీదే సురక పెట్టేం బూబమ్మా. పొక్కులన్నీ పోనాయి. మా ఈదిలో ఇంకో ఇద్దరు పిల్లలకీ నువ్వు సెప్పేవనే పెట్టించేను."

పొక్కుల జాడే లేదు. చెంప మధ్యన బొటనవేలంత కాలిన మచ్చ ఉంది. హాజిరాబీ చేయి చాచింది. పిల్ల రెండు చేతులా చెంప మూసుకుని కెవ్వుమంది.

"అదంతేలే," అంది అప్పలకొండమ్మ మురిసిపోతూ. "బూబమ్మొత్తందంటేనే అన్నం తింతంది."

హాజిరాబీ చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.