పదకొండు వందల స్టాపులు

జగన్నాధం ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. రిటైరవడానికి ఏడాది ముందు భార్య నారాయణమ్మ జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. అరసవల్లిలో రెండు గదుల ఇంట్లో ఒక్కడే మిగిలాడు. రోజూ కొన్ని వందల మందితో మాట్లాడిన మనిషికి పొద్దుగూకేదాకా నోరు విప్పే అవసరమే లేకుండా పోయింది.

రిటైరైన కొద్ది రోజులకే, 2016లో, శ్రీకాకుళంలోని ఒక బస్సుల కంపెనీవాళ్లు ఆయన్ని పిలిచారు. ఆన్‌లైన్ టికెట్ల కోసం వెబ్‌సైటు కట్టిస్తున్నారట. ఎక్కడెక్కడ స్టాపులున్నాయో, దేని తరవాత ఏది వస్తుందో, మధ్యలో ఎన్ని కిలోమీటర్లో ముందుగా అందులోకి ఎక్కించాలి. కాగితాల మీదున్న జాబితా పాతది, సగం తప్పు. దారులన్నీ తెలిసిన మనిషి కావాలన్నారు. ఆఫీసు వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

ఆయన రెండు వేళ్లతో కొట్టి షీటు పంపిస్తే, హైదరాబాదులో సుహాసిని అనే ఇంజనీరు దాన్ని డేటాబేసులోకి ఎక్కించేది. మధ్యాహ్నం మూడింటికి ఫోను చేసేది.

మొదటి షీటు మొత్తం వెనక్కి వచ్చింది. రూట్లు ముందు ఎక్కిస్తే కుదరదని ఆమె నిదానంగా చెప్పింది. ముందు స్టాపులు ఎక్కి వాటికి నంబర్లు పడాలి, ఆ నంబర్లతోనే రూటు కట్టాలి. రెండోసారి కొత్తపేట దగ్గర ఆగిపోయింది. ఒకే పేరు మూడుసార్లు ఉందంది.

“మూడూ వేరేవేరే ఊళ్లమ్మా. ఒకటి సముద్రం పక్కన, ఒకటి కొండ కింద. మూడోది మా అత్తోరూరు” అన్నాడు జగన్నాధం.

ఆమె నవ్వింది. పేరు పక్కన మండలం చేర్చుకుని ముందుకు కదిలారు.

భావనపాడు దారిలో ఒక స్టాపుకి కిలోమీటర్లు వేసి, పేరు ఖాళీగా వదిలేశాడు. ఆమె అడిగింది.

“ఆ మలుపుకి పేరేటీ నేదమ్మా. కూర్మమ్మని సేపలమ్మే ఆవిడ. గంపతో నిలబడి సెయ్యెత్తితే ఆపీవోళ్లం.”

ఇప్పుడూ అక్కడ ఎక్కుతున్నారా అని ఆమె అడిగింది. మర్నాడు బస్సెక్కి వెళ్లి చూశాడు. మోకాళ్ల నొప్పులతో కూర్మమ్మ అమ్మకం మానేసిందనీ, కోడళ్లు ఎక్కుతున్నారనీ అక్కడివాళ్లు చెప్పారు. చేపల మలుపు అని రాసి పంపాడు.

రోజూ పని మొదలుపెట్టే ముందు సుహాసిని, “తిన్నారా బాబాయ్? ఏం కూర?” అని అడిగేది. ఏడాదిగా పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటున్న మనిషి, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని పొద్దున్నే బజారుకెళ్లి వంకాయలో, నెత్తళ్ల చేపలో తెచ్చి వండుకోవడం మొదలుపెట్టాడు. రెండున్నర నుంచే ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఆదివారాలు గడవడం కష్టంగా ఉండేది.

పదకొండో వారంలో ఆఖరి షీటు ఎక్కింది. మొత్తం పదకొండు వందల చిల్లర స్టాపులు. ఒక్క తప్పూ రాలేదని ఆమె సంబరంగా చెప్పింది.

“రేపు ఫోను సేస్తావేటమ్మా?” అని అడిగాడు.

 తనని వేరే పనికి మార్చారని, వీలు చూసుకుని తప్పకుండా చేస్తానని ఆమె అంది. ఆ మాట మనసులోంచే అంది. కానీ ఫోను రాలేదు.

పది రోజులు చూసి, ఒక కిలోమీటరు తప్పు పడిందన్న వంకతో తనే చేశాడు. అది ఆఫీసు నంబరు, ఎవరో అబ్బాయి ఎత్తాడు. మర్యాదగానే విన్నాడు, సరిచేశానన్నాడు. ఇంకేమైనా ఉన్నాయా సార్ అని అడిగాడు. లేవని చెప్పి జగన్నాధం ఫోను పెట్టేశాడు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు బస్టాండు కాంప్లెక్సుకి వెళ్లి కదలబోతున్న బస్సెక్కాడు. బోర్డు చూడలేదు. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఎవరో సంచీ ఆయన చేతికిచ్చి పట్టుకోమన్నారు.

“ఎక్కడికి మావా?” అన్నాడు కుర్ర కండక్టరు.

“ఎందాకెల్తాదో అందాకా కొట్టు” అన్నాడు.

ఆఖరి స్టాపులో దిగి టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాడు. ఆ మర్నాడూ వెళ్లాడు.