మైకు లేని కచేరీ

మా ఆయనకు సంగీతం పట్టదు. పెళ్లైన కొత్తలో నన్ను కచేరీ దగ్గర బండి మీద దింపి, తను ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చునేవాడు. వాళ్లది తల్లాడ దగ్గర మిర్చి, పత్తి పండించే కుటుంబం. పొలం తమ్ముడికి అప్పజెప్పి భద్రాచలంలో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. "లోపలికి రారాదూ, ఒక్క పాటన్నా విను" అని నేను బతిమాలితే, "నాకేమర్థమైతది? నువ్వు మంచిగ విని రా, నేనీడనే ఉంట" అనేవాడు.

నేను పుట్టి పెరిగింది భద్రాచలంలోనే. గుడి దగ్గర ఏటా కచేరీలు జరిగే రోజుల్లో మా అమ్మ పొద్దు వాలకముందే వంట ముగించి, చంకలో చాప, చేతిలో నేను, గబగబా నడిచేది. ఆమెకు రాగాల పేర్లు తెలియవు. మృదంగం వాయించే ఆయన వైపే కూర్చోవాలని మాత్రం పట్టుబట్టేది. "పాట ఏడ కూసున్నా ఇనపడతది. ఆయన వేళ్లు కనపడాలంటే ఈడనే కూసోవాలె" అనేది. నాకు కచేరీ అంటే ఇష్టం అక్కడే పుట్టింది. టీచరు ఉద్యోగం వచ్చి, పర్ణశాల వెళ్లే దారిలో ఒక ఊళ్లో పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలలో చేరాక కూడా, ఏ ఏడూ ఆ కచేరీలు వదల్లేదు.

ఒకరోజు పొద్దున బడికి తయారవుతుంటే ఫోను మోగింది. ఎత్తి ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. ఫోను పాడైందనుకొని జడ సర్దుకుంటూ కుడి చెవికి మార్చాను. మా హెడ్మాస్టరు "హలో, హలో" అని అరుస్తున్నాడు. మళ్లీ ఎడమ చెవికి పెట్టాను. నిశ్శబ్దం.

ఖమ్మం దవాఖానాలో మందులు వాడాను, సూదులు వేయించుకున్నాను. చివరికి డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని మెల్లగా చెప్పింది. "ఈ చెవి ఇక ఇంతేనమ్మా. రెండోదాన్ని కాపాడుకోండి. పెద్ద శబ్దాల దగ్గరికి పోవద్దు."

బడిలో పిల్లలు నాకంటే ముందే అలవాటుపడ్డారు. ఆరో తరగతి పిల్ల ఒకతె కొత్తగా చేరినవాళ్లను భుజం పట్టి తిప్పి, "టీచర్‌కు ఇటు దిక్కు నిలబడి చెప్పు" అని నేర్పేది. పాఠం చెప్పడానికి ఇబ్బంది లేదు. ఇంట్లోనూ గడిచిపోతోంది. సంగీతం ఎలా వినాలన్నదే నాకు అంతుబట్టలేదు.

ఆ ఏడాది కచేరీలు మొదలైన సాయంత్రం ధైర్యం చేసి వెళ్లాను. పందిరి గుంజలకు నా ఎత్తున స్పీకర్లు కట్టారు. పాట మొదలవగానే నా మంచి చెవి కూడా ఎదురు తిరిగింది. వయొలిన్ రేకు మీద మేకుతో గీసినట్టు ఉంది. మృదంగం, గొంతు ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతుంటే నేను పైట చెంగు చెవిలో కుక్కుకున్నాను. మొదటి కీర్తన సగంలోనే లేచి వచ్చేశాను.

టీకొట్టు దగ్గర మా ఆయన గ్లాసు చేతిలో పట్టుకొనే నిలబడ్డాడు.

"ఏంది, జల్దీ వచ్చినవ్? ఐపోయిందా?"

"నాకు ఐపోయింది" అన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టి నన్ను ఎక్కించుకున్నాడు. బండి ఇంటివైపు కాకుండా గోదావరి గట్టుకు పోనిచ్చాడు. అక్కడ కూర్చొని నేను ఏడ్చినంతసేపూ పక్కనే ఉన్నాడు.

తరవాత ఇంట్లో రేడియో పెట్టడం మానేశాను. ఫోనులో పాటలు తీసేశాను. కచేరీల మాట ఎవరైనా ఎత్తితే వంటింట్లోకి పోయేదాన్ని. అలా ఒక ఏడాది గడిచింది.

మళ్లీ కచేరీల రోజులొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన దుకాణం షట్టరు దించేసి వచ్చాడు.

"చీర మార్చుకో, పోదాం."

"ఎక్కడికి?"

"రా, చెప్త."

గుడి వెనక సందులో, పాడేవాళ్లకు బస ఇచ్చిన సత్రం ముందు బండి ఆపాడు. నాకు అర్థమైంది, బండి దిగలేదు. "పొద్దుగాల నేనే వచ్చి అడిగిన" అన్నాడు. "మా ఇంటామెకు మైకుల మోత పడదు, మీరు లోపల పాడుకునేటప్పుడు ఒక మూలకు కూసుంటది అన్న. కాదంటే వాపస్ పోదామనుకున్న. ఆ పాడే ఆమె రమ్మన్నది."

గదిలో టిఫిన్ ప్లేట్లు ఇంకా తీయలేదు. తంబూరా శ్రుతి ఫోనులో మోగుతోంది. మృదంగం ఆయన వాద్యం సర్దుకుంటున్నాడు. పాడే ఆవిడ మా అమ్మ వయసుది. నన్ను చూసి కూలర్ ఆపేయమంది.

"ఏ చెవి అమ్మా?"

"ఎడమది."

"అయితే ఇటు వచ్చి కూర్చోండి, కింద. నా పక్కనే."

శ్రుతి కలిపి ఆవిడ కూనిరాగం తీసింది. "ఎలా ఉంది?"

"గొంతు గొంతులాగే ఉంది" అన్నాను.

వయొలిన్ మొదలవగానే మళ్లీ మొహం చిట్లించాను. వాయిస్తున్న అమ్మాయి అది చూసి ఆపింది. నేను అడగకుండానే లేచి కిటికీ దగ్గరికి జరిగింది. "ఇప్పుడు?" ఇంకా కొంచెం, అన్నాను. గోడ దాకా జరిగింది. అక్కడినుంచి తీగ సన్నగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. ఆవిడ ఆనందభైరవి ఎత్తుకుంది. ఒక చెవితో వింటున్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

పాట అయ్యాక ఆవిడ గుమ్మం దగ్గర కూర్చున్న మా ఆయనను అడిగింది, "మీకెలా అనిపించిందండీ?"

"నాకు పాట సంగతి తెల్వదు మేడం. నేను ఆమె మొహమే చూసిన" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను.

మాటల్లో మా బడి సంగతి వచ్చింది. మా పిల్లల్లో ఎక్కువమంది కోయగూడేల నుంచి వచ్చినవాళ్లు, వయొలిన్‌ను బొమ్మలోనే చూశారని చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది. "రేపు పొద్దున పర్ణశాల దర్శనానికి వెళ్తున్నాం. మీ బడి దారిలోనేనా?"

"దారిలోనేనండీ."

వస్తారని నేను పూర్తిగా నమ్మలేదు. పిల్లలకూ చెప్పలేదు. ప్రార్థన ముగిసి పిల్లలు లైన్లలో కదులుతుండగా వాళ్ల బండి గేటులోకి వచ్చింది. భోజనాల హాల్లో చాపలు పరిచాం. "మైకేది టీచర్?" అని పిల్లలు గోల చేశారు. మైకు లేదు, చెవులు పెట్టి వినాలి, అన్నాను. మొదట గుసగుసలు, తోపులాటలు. ఆవిడ వాళ్ల కోసం గొంతు పెంచలేదు. మెల్లగానే పాడింది. వెనక పిల్లలు వినపడక ముందుకు జరిగారు. అలా జరిగి జరిగి అందరూ ఆవిడ చుట్టూ గుంపుగా చేరారు. వంటమనిషి గరిటె పట్టుకొని గుమ్మంలో నిలబడిపోయింది.

పాట అయ్యాక ఒక పిల్ల లేచి, "మేడం, మా పాట ఇంటరా?" అంది. ఇప్పపువ్వు ఏరేటప్పుడు వాళ్ల ఊళ్లో పాడుకునే కోయపాట అది. మొదట ఒక్కతే, తరవాత పది గొంతులు. మృదంగం ఆయన రెండు చరణాలు ఊరికే విని, మూడో చరణానికి దెబ్బ కలిపాడు. పిల్లలు ఒక్కసారి ఉలిక్కిపడి, మరింత గట్టిగా పాడారు. అంత గట్టి పాటకు కూడా నా చెవి నొప్పి పెట్టలేదు.

ఆ తరవాత కచేరీలకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరిని అడిగి బడికి తీసుకొస్తున్నాం. కొందరు వీలుకాదంటారు. వచ్చినవాళ్లు మాత్రం ఇంకొంచెంసేపు ఉంటామంటారు. పెద్ద స్పీకర్లున్న చోటికి నేను వెళ్లను. చిన్న హాలైతే ముందే వెళ్లి, స్పీకరుకు దూరంగా, కుడి చెవికి పాట అందే చోటు వెతుక్కుంటాను. మా ఆయన నాతోపాటు లోపలే కూర్చుంటున్నాడు.

మొన్న సెలవుల్లో ఖమ్మంలో ఒక చిన్న హాల్లో గాత్ర కచేరీ ఉంటే, ఇళ్లలో అడిగి, పాడటం మీద మోజున్న ఇద్దరు ఆడపిల్లలను వెంట తీసుకెళ్లాం. ఆలాపన సాగుతున్నంతసేపూ ఒకతె ముందుకు వంగి కళ్లార్పకుండా చూస్తోంది. ఉండబట్టలేక నా చెవిలో అడిగింది.

"టీచర్, ఈమె ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నది?"

నాకూ తెలియదు. "చూద్దాం, కనిపెట్టు" అన్నాను. ఇద్దరం వేదిక వైపు తిరిగాం.