యాకూబ్ చాచా పైకెక్కించిన గాలి పైపు

రోజూ పొద్దున షాపు తలుపు తీయగానే నేను చేసే మొదటి పని, స్ప్రే గన్ అందుకుని ఎడమ అరచేతి మీదికి ఒక్కసారి గాలి వదలడం. చెయ్యి పొడిగా ఉంటే పని మొదలుపెట్టొచ్చు. తడి తగిలితే ఆగాలి. నిన్న భద్రాచలంలో ముసురు పట్టింది, అరచేతిలో రెండు చుక్కలు పడ్డాయి. గోడ వెంట ఉన్న గాలి గొట్టం కుళాయి తిప్పి, అందులో చేరిన నీళ్ళు పోనిచ్చి, గాలి పైపును ఇవతలికి లాగాను. తలకు పైన కట్టిన తీగకున్న ఇనుప రింగులు గలగలమంటూ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడే. అయినా వాన రోజున విన్నప్పుడు మాత్రం, యాకూబ్ చాచా ఇప్పుడే నిచ్చెన దిగి గడ్డంలోని రంపప్పొట్టు దులుపుకుంటున్నాడనిపిస్తుంది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తాను కూడా.

చాచాకు మణుగూరులో, గనుల కాలనీకి వెళ్ళే దారి పక్కన, రేకుల షెడ్డులో వడ్రంగి కార్ఖానా ఉండేది. క్వార్టర్లకు మంచాలు, ఊళ్ళో కట్టే కొత్త ఇళ్ళకు తలుపులు, కిటికీలు అక్కడే తయారయ్యేవి. తొంభైల మొదట్లో నేను అక్కడికి వెళ్ళేసరికి ఆయనకు అరవై దాటాయి, నాకు ఇరవై నాలుగు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. చేతికర్ర లేకుండా పది అడుగులు వెయ్యలేను. మాది దుమ్ముగూడెం అవతల గోదావరి ఒడ్డు పల్లె. అమ్మానాన్న పోయాక గనిలో పనిచేసే అన్నయ్య దగ్గర చేరాను. అన్నయ్య మంచివాడు, వదిన కూడా నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఊరికే కూర్చుని తింటుంటే ముద్ద గొంతు దిగేది కాదు. పని కోసం ఎక్కడికి వెళ్ళినా ముందు నా కాలు చూసి, తర్వాత మొహం చూసి, కబురు చేస్తాంలే అమ్మాయీ అనేవాళ్ళు. ఎవరూ కబురు చెయ్యలేదు. చాచా మాత్రం నా చేతులు చూశాడు. ఒక టేకు ముక్క, ఉప్పుకాగితం చేతికిచ్చి అరగదీయమన్నాడు. అరగంట తర్వాత కళ్ళు మూసుకుని దాని మీద వేలు నడిపాడు.

"రేపటి సంది రా బిడ్డా."

"చాచా, నా కాలు..."

"కాలుతోని పాలిష్ చేస్తవా ఏంది?"

అలా చేరాను. నెల తిరగకముందే స్ప్రే గన్ నా చేతికిచ్చి, చెక్కకు మెరుపునిచ్చే లక్కర్ కొట్టడం నేర్పాడు. చెయ్యి ఆగకూడదు, పరుగెత్తకూడదు, చెక్కకు జానెడు దూరంలో ఒకే తీరున పోవాలి. అది నాకు తొందరగానే పట్టుబడింది. పట్టుబడనిది ఆ షెడ్డు నేల.

మా వైపు వడ్రంగం కూర్చుని చేసే పని. చెక్కను కాలి వేళ్ళతో అదిమిపట్టి, రెండు చేతులతో నునుపు చేసే రందా లాగుతారు. ఉలి, సుత్తి, రంపం, బెజ్జాలు వేసే బరమా అన్నీ చుట్టూ పరుచుకుని ఉంటాయి. ముగ్గురు మేస్త్రీలు కూర్చుంటే కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. దానికితోడు గన్‌కు గాలి పంపే కంప్రెసర్ నుంచి నా పాలిష్ మూల దాకా గాలి పైపు నేల మీదే మెలికలు తిరిగి, సగం రంపప్పొట్టులో కూరుకుపోయి ఉండేది. మిగతావాళ్ళు చూడకుండానే దాటేసేవాళ్ళు. నా కుడికాలు అంత లేవదు, ఈడ్చాల్సిందే.

ఒకరోజు లక్కర్ డబ్బాతో వస్తూ పైపు తట్టుకుని బోర్లా పడ్డాను. పెదవి చిట్లింది, డబ్బా మొత్తం ఒలికిపోయింది.

"చెప్పు జారింది చాచా" అన్నాను లేవకముందే.

కాలు అన్నానంటే రేపటి నుంచి రావద్దంటాడని నా భయం. ఆయన నన్ను లేపి నీళ్ళిచ్చాడు. ఒకసారి నేల వంక చూశాడు, తర్వాత చాలాసేపు రేకుల కప్పు వంక చూశాడు.

ఆ శుక్రవారం నమాజు నుంచి వస్తూ, ఎక్కడిదో పాత బావి గిలక భుజాన వేసుకొచ్చాడు. మేస్త్రీల్లో పెద్దవాడు సైదులు. నోరు ఊరుకోదు గానీ మనసులో ఏమీ ఉంచుకోడు.

"గిలకెందుకు చాచా, కార్ఖానాల బాయి తవ్వుతున్నవా?"

"పైపును మీదికెక్కిస్తున్న. తొక్కీ తొక్కీ పగుళ్ళిస్తున్నది."

ఈ గోడ నుంచి ఆ గోడకు, మా తలలకు బాగా పైన, ఇనుప తీగ బిగించాడు. తీగకు రింగులు తొడిగి, వాటికి పైపును వేలాడదీశాడు. నా మూల దగ్గర గిలక కట్టాడు. పైపు చివర కట్టిన తాడు గిలక మీదుగా వెళ్ళి అవతల ఒక ఇసుక సంచిని మోసేది. లాగితే గన్ చేతికొస్తుంది, వదిలితే పైకి పోతుంది. మొదటిసారి ఇసుక ఎక్కువైంది. నేను వదలగానే గన్ ఎగిరి రేకులకు కొట్టుకుని, చాచా తెల్ల టోపీ మీద లక్కర్ చిమ్మింది. సైదులు నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు. చాచా టోపీ తీసి చూసుకుని, "పాలిష్ మంచిగనే పడ్డది" అన్నాడు. తర్వాత గుప్పెడు గుప్పెడు ఇసుక తీస్తూ, ఇప్పుడు బరువుందా, ఇప్పుడో అని నన్ను అడుగుతూ సాయంత్రం దాకా దాంతోనే కుస్తీ పట్టాడు.

మరుసటి వారం పనిముట్ల వంతు వచ్చింది. గోడకు పొడవాటి చెక్క పలక బిగించి, ఒక్కో పనిముట్టునూ దాని మీద ఆనించి చుట్టూ పెన్సిల్ గీసి, గీత మీద నల్లరంగు దిద్దాడు. తగిలించడానికి మేకులు కొట్టాడు. రంపం తీస్తే అక్కడ రంపం బొమ్మ మిగులుతుంది. ఏది ఇంకా నేల మీద ఉందో గోడే చెప్పేస్తుంది.

"తాతల కాడ్నించి కూసొని చేసే పని. ఉలి కోసం లేసి గోడ కాడికి పోవాల్నా?" అని సైదులు సణిగాడు.

"పట్టుకున్న సామాను పక్కన ఉంచుకో. పట్టుకోనిది గోడకు ఉండాలె. గంతే."

ఆ పలక చివర, నా మూలకు దగ్గరగా, ఒక బొమ్మ మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పొడుగ్గా, సన్నగా, పైన వంకర తిరిగి ఉంటుంది. ఇంకా కొనని పనిముట్టు ఏదో అనుకున్నాను. అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. ఎక్కువ మాట్లాడితే నేనొకదాన్ని ఉన్నానని గుర్తొచ్చి పంపించేస్తారేమోనని. పొద్దున రాగానే నా కర్రను గోడ వారగా నేల మీద పడుకోబెట్టి, నా మూలలో నిలబడి పని చేసుకునేదాన్ని.

శ్రావణంలో ఒక కొత్త ఇంటికి సింహద్వారం తలుపులు చేశాం. నాలుగు రోజుల్లో గృహప్రవేశం. చాచా స్వయంగా చెక్కిన లతలు, మంచి టేకు. లక్కర్ నేనే కొట్టాను. తెల్లారి వచ్చి చూస్తే తలుపుల నిండా తెల్లటి మచ్చలు, బొల్లి సోకినట్టు. గీకి, అరగదీసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అవే మచ్చలు. నా చెయ్యే పాడయిందేమోననిపించింది.

సైదులు ఇక ఉండబట్టలేకపోయాడు. "పైపు కిందున్నప్పుడు ఒక్క మచ్చ రాలే చాచా. మీదికెక్కినంకనే గిదంత. కింద ఎయ్యి. నాలుగేండ్లు కిందనే ఉన్నది, ఏం పగిలింది? నువ్వు గా పిల్ల కాలు కోసం ఎక్కించినవ్. మాకు తెల్వదా?"

నాకు మాత్రం తెలియదు. ఆ క్షణం దాకా పైపు పగులుతుందనే నమ్మాను. గిలక, తీగ, గోడ నిండా నల్ల బొమ్మలు, ముగ్గురు మేస్త్రీల తాతలనాటి అలవాటు, ఇంత మందిని నా కాలు కదిలించిందని తెలిసేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

"కింద వెయ్యి చాచా. నేను చూసుకుని నడుస్తా."

"నేల దిక్కు చూసుకుంట నడిస్తే, పని దిక్కు ఎప్పుడు చూస్తవు?"

 రేపటి నుంచి రాకూడదని అప్పుడే అనుకున్నాను. అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని కర్ర కోసం వంగాను. నాకంటే ముందే చాచా వంగి అందుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో దానికంటిన పొట్టు తుడిచాడు. తీసుకెళ్ళి పలక చివర ఖాళీ బొమ్మ మీద తగిలించాడు. పిడి వంకర ఆ వంకరలో వెంట్రుక తేడా లేకుండా కూర్చుంది. నేను అన్నం తినే వేళ ఎప్పుడో కర్రను తీసుకెళ్ళి గీసి ఉంటాడు.

"దీని జాగా ఇది. నువ్వే అడుగుతవని చూస్తున్న ఇన్ని దినాలు. రంపమెంతనో ఇదీ గంతే. పనిముట్టును నేల మీద పడెయ్యొద్దని అందరికీ చెప్పిన. నీకు వేరే చెప్పాల్నా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. అప్పటిదాకా ఆ కర్రను చూసి జాలిపడ్డవాళ్ళున్నారు, పక్కకు తప్పుకున్నవాళ్ళున్నారు. దానికి రంపం పక్కన చోటిచ్చినవాళ్ళు లేరు. సైదులు లేచి, తన పక్కన పడి ఉన్న ఉలిని తీసుకెళ్ళి గోడకు తగిలించి వచ్చాడు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళాను. వాన పడుతూనే ఉంది. కంప్రెసర్ వేసి, లక్కర్ పొయ్యకుండా ఉత్త గాలిని అరచేతి మీదికి వదిలాను. సన్నటి తడి తగిలింది. కర్రతో పైపును తట్టి చూశాను. రింగుకూ రింగుకూ మధ్య పొట్ట వేలాడుతున్న చోటల్లా, కొబ్బరికాయ ఊపినట్టు లోపల నీళ్ళు కదిలాయి. ఈ నీళ్ళే లక్కర్‌తో కలిసి మచ్చలవుతున్నాయని, చాచా రాగానే చేయి చాపి చూపించాను.

"అవ్! వానకు గాలి గూడ తడుస్తది గద!" అని నుదురు కొట్టుకున్నాడు. "తప్పు పైపుది కాదు, నీది కాదు. నాది. వాలు పెట్టలే."

ఆ రోజు నిచ్చెనెక్కింది సైదులే. కంప్రెసర్ నుంచి గోడ వెంట ఇనుప గొట్టాన్ని వాలుగా వేసి, దాని అడుగున చిన్న కుళాయి పెట్టారు. నీళ్ళు అక్కడికి చేరి ఆగిపోతాయి. దానికి కాస్త పైనుంచి రబ్బరు పైపును తీసి, పొట్ట వేలాడకుండా రింగులు దగ్గర దగ్గరగా వేశారు. తలుపులు గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం బండెక్కాయి. ఒక్క మచ్చ లేదు. "నేల మీద ఎయ్యమని నేనెప్పుడన్న అన్ననా?" అని సైదులు అందరినీ అడిగాడు.

ఎనిమిదేళ్ళు అక్కడ పనిచేశాను. చివరి రెండేళ్ళు చాచా మోకాళ్ళు మొరాయించాయి. ఆయన చేతికీ కర్ర వచ్చింది. మొదటిరోజు కర్రతో షెడ్డులోకి వచ్చి, కూర్చుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో నేను బాగా ఎరిగిన సిగ్గు కనిపించింది. నేను అడక్కుండా దాన్ని తీసుకుని, పలక మీద నా కర్ర పక్కన ఆనించి చుట్టూ పెన్సిల్ గీశాను. మేకు కొట్టి తగిలించాను.

"గీత వంకర పోయింది" అన్నాడు చాచా. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు.

ఆయన పోయాక కొడుకులు షెడ్డును వేరేవాళ్ళకిచ్చేశారు. సైదులు ఆ పలక చివరి ముక్కను కోసి, సైకిల్‌కు కట్టుకుని నాకు తెచ్చిచ్చాడు. ఇప్పుడది భద్రాచలంలో నేను పెట్టుకున్న పాలిష్ షాపు గోడ మీద, ఇక్కడా అలాగే కట్టించుకున్న గాలి పైపు కింద ఉంది. మొదటి బొమ్మలో రోజంతా నా కర్ర ఉంటుంది. రెండోది, గీత కాస్త వంకర పోయినది, ఖాళీగా ఉంటుంది. షాపుకు వచ్చినవాళ్ళు అది ఏ పనిముట్టుదని అడుగుతుంటారు. మా చాచాదని చెప్తాను. ఆ మేకుకు నేను ఇంకేదీ తగిలించలేదు, ఎవరినీ తగిలించనివ్వను కూడా.